ముళ్ళకంప కట్టిన కారు

మా ఇంట్లో నాకు సవతి తల్లి లేదు గానీ, ఆ లోటు తీర్చడానికి ఒక అంబాసిడర్ కారు ఉండేది. అమ్మ పోయాక పదమూడేళ్ళపాటు నాన్న మనసంతా దాని దగ్గరే. నేను పరీక్ష ప్యాసయ్యానని చెప్పినా, జ్వరం వచ్చిందని చెప్పినా, ఒక చెవి నాకిచ్చి రెండో చెవి కారున్న గోదాము వైపు పెట్టి వినేవాడు. ఆ కారంటే నాకు ఒళ్ళు మంట.

రాయగడలో మాది చింతపండు, పసుపు టోకు వ్యాపారం. తాతయ్య విజయనగరం వైపు నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడు. కొట్టు నిలదొక్కుకున్నాక ఆ కారు కొన్నాడు. లేత ఆకుపచ్చ రంగు. మా వీధిలో అదే మొదటి కారు. ముందు సీటు బల్లలాగా ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా ఒకటే ఉండేది. తాతయ్య తర్వాత నాన్న చేతికొచ్చింది. నాన్న నడిపేవాడు, పక్కన అమ్మ కూర్చునేది, వెనక సీట్లో నేనూ, నాతోపాటు ఒకటో రెండో చింతపండు బుట్టలూ ఉండేవాళ్ళం.

దారిలో తెలిసిన మొహం కనిపిస్తే కారాపి దిగి మాట్లాడకుండా ఉండలేని మనిషి నాన్న. పక్కనే ఉన్న కొల్నార సంతకి వెళ్ళి రావడానికి కూడా మాకు ఒక పూట పట్టేది. పసుపు ధర దగ్గర మొదలైన కబురు ఎవరి పిల్ల పెళ్ళి దగ్గరో తేలేది. అమ్మ దానికి సరిగ్గా ఎదురు. కాలుగాలిన పిల్లి. అయినా కారు దిగేది కాదు, కేకలేసేది కాదు. కూర్చున్న చోటు నుంచే పక్కకి వంగి, స్టీరింగు మధ్యలో ఉన్న హారను రెండుసార్లు పొట్టిగా నొక్కేది. బేగి రండి అని దానర్థం. నాన్న ఇటు తిరక్కుండానే, "వస్తన్నానే, నీ తొందర తగలెయ్య!" అనేవాడు. అని, ఇంకో కబురు మొదలుపెట్టేవాడు. మళ్ళీ రెండుసార్లు మోగేది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూసిన వాళ్ళ కాపురం అదే.

తొంభైల మొదట్లో ఒక వానాకాలం అమ్మ కోరాపుట్‌లో ఉన్న తమ్ముడింటికి వెళ్ళింది. అక్కడే జ్వరం పడింది. మలేరియా తలకెక్కడం మా కొండల్లో కొత్త కాదు. కబురందగానే నాన్న కారేసుకుని వెళ్ళాడు. కోరాపుట్ నుంచి మాకు రెండు దారులు. ఒకటి కొండ మలుపుల ఘాటీ దిగి సాలూరు మీదుగా విజయనగరం, అంటే పెద్ద ఆసుపత్రుల వైపు. రెండోది లక్ష్మీపూర్ కొండల మీదుగా మా రాయగడకి. మావయ్య సాలూరు దారి పట్టమన్నాడు. నాన్న రాయగడ దారి పట్టాడు. లక్ష్మీపూర్ ఘాటీలో అమ్మ పోయింది.

నేనప్పుడు ఎనిమిదో తరగతి. కారు చప్పుడు విని వీధిలోకి పరుగెత్తాను. అమ్మ తన చోట్లోనే, కిటికీ అద్దానికి తల ఆన్చి, ఎర్రటి కొట్పాడ్ నేత దుప్పటి మెడదాకా కప్పుకుని ఉంది. నిద్రపోతోందనుకుని అద్దం మీద వేళ్ళతో కొట్టాను. నాన్న స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తున్నాడు.

పురోహితుడు పంచాంగం చూసి ధనిష్ఠా పంచకం అన్నాడు. ఆ నక్షత్రాల్లో పోతే, ప్రాణం పోయిన చోటుని ఆరు నెలలు మూసేయాలని మావాళ్ళ ఆచారం. పోయినవాళ్ళు ఆ ఆరు నెలలూ అక్కడే మెలుగుతారని, గడువు నిండాక శాంతి చేసి తలుపు తెరిస్తే వెళ్ళిపోతారని నమ్మకం. అలా ఇళ్ళు మూసి గుమ్మానికి ముళ్ళకంప కట్టి, చుట్టాల పంచల్లో కాలం గడిపిన కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. కానీ అమ్మ పోయింది ఇంట్లో కాదు, కార్లో. పంచాంగంలో కార్ల సంగతి రాసి ఉండదు. పురోహితుడు చాలాసేపు గడ్డం గోక్కుని, చివరికి, "ప్రాణం పోయిన చోటే మూయాలి. ఇంటికి దోషం లేదు" అన్నాడు.

ఇల్లు వదలక్కర్లేదని నాన్నమ్మ ఒక దణ్ణం పెట్టుకుంది. ఆవిణ్ణి మేము మామ్మ అని పిలిచేవాళ్ళం. హమాలీలు కారుని గోదాములోకి తోశారు. అద్దాలెక్కించారు, తలుపులకి తాళం వేశారు, ఇంటి గుమ్మానికి కట్టినట్టే అమ్మ వైపు తలుపుకి రేగుకంప కట్టారు. కారుకి ముళ్ళకంప కట్టడం చూసి వీధిలో ఎవరైనా నవ్వారో లేదో నాకు తెలియదు.

పది రోజుల కర్మలు అయిపోయిన తర్వాత ఒక మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. బయట వాన. గోదాములో హారను మోగింది. రెండుసార్లు, పొట్టిగా. ఎవరి చెయ్యి వాళ్ళ కంచంలోనే ఆగిపోయింది. నాన్న ఎంగిలి చేత్తోనే లేచి వానలో పరుగెత్తాడు. ఎలకలు వైర్లు కొరికి ఉంటాయని బాబాయి అన్నాడు. అదే నిజం కూడా కావచ్చు. కొన్నాళ్ళకి బ్యాటరీ దానంతటదే చచ్చింది, ఆ తర్వాత మాకెవరికీ హారను వినపడలేదు. నాన్నకి మాత్రం వినపడుతూనే ఉంది.

ఆరు నెలలు నిండాయి. శాంతికి సామాన్లు తెచ్చారు, పురోహితుడు వచ్చాడు. నాన్న కారు తాళం జంధ్యానికి ముడేసుకుని గోదాము గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"మీకు సెప్తే అర్థం కాదేటి? లోపల మనిషి ఉన్నాది. నన్ను పిలస్తంది. తలుపు తీస్తే ఎల్లిపోద్ది" అన్నాడు.

మామ్మ ఏడ్చింది. బాబాయి బతిమాలాడు. పురోహితుడు దక్షిణ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇల్లయితే ఉండటానికైనా తెరుస్తారు. కారు తెరవకపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అలా ఆరు నెలలు పదమూడేళ్ళయ్యాయి.

ఆ పదమూడేళ్ళూ నాన్న ఏ పూటా కుదురుగా అన్నం తిన్నది లేదు. ముద్ద నోట్లో పెట్టుకోబోయి తల ఎత్తేవాడు. మేమంతా పీటల మీద బొమ్మల్లా కూర్చునేవాళ్ళం. నాన్న లేచి వెళ్ళి, కారు పక్కన కాసేపు నిలబడి, "వచ్చేను, ఏటి?" అని అడిగి, జవాబు రాక తిరిగొచ్చేవాడు. అప్పటికి అన్నం చల్లారిపోయేది. బండి ఎక్కడం మానేశాడు. ఊళ్ళో ఎంత దూరమైనా నడకే. ఊరు దాటి వెళ్ళడమంటే అసలు లేదు. తను లేనప్పుడు పిలిస్తే ఎవరు పలుకుతారని బెంగ. నాకు కోరాపుట్ కొండల మీద ఫ్యాక్టరీ టౌన్‌షిప్‌లో ల్యాబు ఉద్యోగం వచ్చింది. అప్పటికి రాయగడ నుంచి కొండల్లోకి రైలు పడింది. నాన్న స్టేషను దాకా నడిచొచ్చి నన్ను ఎక్కించి, రైలు కదలకముందే వెనక్కి వెళ్ళిపోయేవాడు. నా క్వార్టరు ఎలా ఉంటుందో చూడలేదు. అమ్మ పోతే ఏడ్చాను. బతికున్న నాన్న కూడా నాకు లేకపోవడం మింగుడుపడలేదు.

రెండువేల నాలుగు ప్రాంతంలో అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు. గోదాము బాబాయికి వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు. అన్నగారి కోసం అన్నేళ్ళూ సగం గోదాముతో సరిపెట్టుకున్నాడు. శ్రావణంలో పాతది పడగొట్టి కొత్త కట్టడం మొదలుపెడతానని, ఈలోగా కారు తీయించమని మెత్తగా చెప్పాడు. కావాలంటే హమాలీలతో తోయించి మా పెరట్లో పెడతానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

"మోసుకెళ్ళేది శవాన్ని. మీ వొదిన్ని ఒకసారి మోసేం, సాలు. కారు బయటికి రావాలంటే దాని కాళ్ళమీద అది రావాల. నెట్టడానికి ఈల్లేదు, లాగడానికి ఈల్లేదు. అలగ కాదంటే నన్ను కూడా అందులో పెట్టి గోడలు పడగొట్టుకోండి."

నాన్న ఉత్తినే అనే మనిషి కాదు. శ్రావణం లోపల ఆ కారు నడవకపోతే గోదాముతోపాటు నాన్న కూడా నాకు దక్కడని ఆ రోజు అర్థమైంది. పదమూడేళ్ళుగా నేను తిట్టుకుంటున్న కారుని నేనే బతికించాల్సి వచ్చింది.

కోరాపుట్‌లో మావయ్యకి లారీలు బాగుచేసే షెడ్డు ఉంది. అమ్మ పదకొండో రోజు తర్వాత ఆయన మా గడప తొక్కలేదు. సాలూరు దారి పట్టి ఉంటే అక్క బతికేదని ఆయన లెక్క. నేను షెడ్డుకి వెళ్ళేసరికి ఒక లారీ కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళకే సంగతంతా చెప్పాను. లారీ కింద పానా చప్పుడు ఆగింది.

"ఏ కారమ్మి? మా అక్క కారేనా?"

"అదే."

"మీ నాన్న రమ్మన్నాడేటి?"

"లేదు. నేను రమ్మంటున్నాను."

ఆయన బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "మీ నాన్న మొహం సూడ్డానికి రాను. కారు మొహం సూడ్డానికి వస్తాను" అన్నాడు. వచ్చే ఆదివారమే, రాయగడ వైపు వెళ్ళే ఒక లారీలో సామాన్లేసుకుని దిగాడు.

తలుపు తెరవడానికి మామ్మ ఒక షరతు పెట్టింది. మూసిన ఇల్లు తెరిచినప్పుడు ముందు ఆవు లోపలికి వెళ్ళాలి. మామ్మా, ఇది కారు, అని నేనంటే, "మూసినప్పుడు ఇల్లే కదా, తెరిసినప్పుడు కారైపోయిందేటి?" అని గదిమింది.  పొరుగింటి ఆవుని తోలుకొచ్చారు. కారు నడవాలంటే తెరవక తప్పదని, నాన్న జంధ్యం ముడి విప్పి తాళం నా చేతికిచ్చాడు. తనంతట తను తీయలేదు. రేగుకంప పట్టుకుంటే పొడిపొడి అయిపోయింది. తలుపు కిర్రుమని తెరుచుకుంది. ఆవు లోపలికి తల పెట్టి, చిరిగిన సీట్లోంచి కొబ్బరి పీచు ఒక నోటి నిండా లాక్కుని నమిలింది. మామ్మ "శుభం" అంది. మావయ్య ఒక్కడే నవ్వాడు, నవ్వి వెంటనే మొహం తిప్పుకున్నాడు.

లోపల్నుంచి ఎలకల కంపు, తడిసిన గుడ్డల కంపు కొట్టాయి. వాటి అడుగున ఇంకేదో సన్నటి వాసన ఉందని నాకనిపించింది. ఇప్పటికీ అది నా భ్రమో కాదో చెప్పలేను. కొట్పాడ్ దుప్పటి సీటు మీదే ఉంది. ఎలకలు దాన్ని చింపి గూడు కట్టుకున్నాయి, గూటి నిండా చింతపిక్కలు. కానీ చెట్టు వేరు రంగుతో అద్దిన ఆ ఎరుపు ఒక్క ఛాయ కూడా తగ్గలేదు. అద్దాల మీద పైనంతా పసుపు దుమ్ము. మావయ్య గుడ్డతో పైనుంచి తుడిస్తే, అమ్మ వైపు అద్దానికి లోపల్నుంచి ఒక మరక బయటపడింది. అరచేతి వెడల్పున నూనె జిడ్డు. అమ్మ తల ఆనిన చోటు. మావయ్య చెయ్యి ఆగిపోయింది. ఆ అద్దాన్ని ఆ రోజే కాదు, తర్వాత కూడా లోపలివైపు ఎవరం తుడవలేదు.

పని కొన్ని ఆదివారాలపాటు సాగింది. ఇంజను బిగుసుకుపోయింది. మావయ్య ప్లగ్గులు విప్పి ఆ కన్నాల్లో కిరసనాయిలు, నూనె కలిపి పోసి, వారం నాననిచ్చాడు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు జిగురైపోయింది, దాన్ని ఊడ్చి కడిగాడు. బ్రేకులు చక్రాలకి కరుచుకుపోతే విప్పి వదులు చేశాడు. టైర్లు పగిలి పెచ్చులూడుతుంటే వేరేవి తెచ్చి వేశాడు. నేను శనివారం రైలెక్కి దిగి, ఆదివారమంతా ఆయనకి పానాలు అందిస్తూ, ముక్కు మూసుకుని ఎలకల గూళ్ళు ఏరాను. నాన్న చింతపండు బస్తా మీద కూర్చుని చూసేవాడు. బావా బావమరుదులిద్దరికీ మధ్య నేనే టెలిఫోను.

"మీ నాన్ననడుగమ్మి, దీనికి ఆఖరుసారి నూనె ఎప్పుడు మార్చేడో."

"మీ మావయ్యకి సెప్పమ్మి, మీ అమ్మ ఊరెళ్ళే ముందే మార్చేనని."

ఇద్దరి మధ్య దూరం చెయ్యి చాపితే అందేంత.

మూడో ఆదివారం అనుకుంటాను, మావయ్య బానెట్టులో తల పెట్టి ఉన్నాడు. నేను కింద కూర్చుని ఎలకలు కొరికేసిన వైర్లు పీకుతున్నాను. నాన్న బస్తా మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"ఇన్నారా?"

నాకు తిక్క రేగింది. హారను వైరు ముక్కలై నా చేతిలోనే ఉంది. దాన్ని నాన్న మొహం ముందు ఊపాను. "ఇదిగో నాన్నా, వైరు. కారుకి బ్యాటరీ కూడా లేదు. ఏటి మోగుతాది? ఎలగ మోగుతాది?"

"వైరుంటే నీకు మోగుద్దమ్మి" అన్నాడు నాన్న. కోపం లేదు, ఎగతాళి లేదు. 

మావయ్య బానెట్టులోంచి తల ఎత్తాడు. ఆయన కూడా నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పదమూడేళ్ళలో మొదటిసారి నాన్నని సూటిగా అడిగాడు.

"ఎన్నిసార్లు బావా?"

"రెండు."

"పొడుగువా, సిన్నవా?"

"సిన్నవే."

"అక్కే" అన్నాడు మావయ్య. మళ్ళీ తల లోపల పెట్టుకుని పనిలో పడ్డాడు. ఒక పిచ్చివాడితోనే వేగలేకపోతుంటే ఇప్పుడు ఇద్దరయ్యారని నాకు ఏడుపొచ్చింది.  గోదాములో గాలి కూడా లేదు. వేలాడే పాత తక్కెడ దానంతటదే కొంచెం ఊగుతున్నట్టనిపించింది. పట్టపగలు నా అంతట నేను లేచి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను.

ఆ పై వారం మావయ్య ముందు భాగంలో ఇనప హ్యాండిలు దూర్చి తిప్పాడు. కదల్లేదు. ఊపిరి బిగబట్టి మళ్ళీ తిప్పాడు. లోపలెక్కడో ఏదో విడిన చప్పుడైంది, హ్యాండిలు సగం చుట్టు తిరిగింది. కొత్త బ్యాటరీ పెట్టి, ఒక సీసాలో పెట్రోలు పోసి పైనుంచి వేలాడదీసి గొట్టంతో ఇచ్చాడు. ఇంజను ఒకసారి దగ్గింది, నల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. గుమ్మంలో కూర్చున్న మామ్మ, "చింత చచ్చినా పులుపు చావలేదు" అంది. నాన్న బస్తా మీంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. అది సంతోషం కాదు. బతికితే కారు బయటికి పోతుంది, బతక్కపోతే ఇక్కడే గోడల కింద పడిపోతుంది. ఎటు జరిగినా ఆయనకి పోయేది ఒకటే.

జ్యేష్ఠం ఆఖరి ఆదివారం కారు బతికింది. మావయ్య కార్బురేటరు మళ్ళీ విప్పి, కడిగి, బిగించి, ట్యాంకులో పెట్రోలు పోసి, తాళం తిప్పమన్నాడు. స్టీరింగు ముందు నేను కూర్చున్నాను. ఇంజను దగ్గి, ఆగబోయి, మళ్ళీ పట్టుకుంది. గోదామంతా కంపించింది, దూలాల మీంచి ఏళ్ళనాటి పసుపు రాలి మా అందరి తలల మీదా పడింది. బాబాయి పరుగెత్తుకొచ్చాడు. మామ్మ దణ్ణం పెట్టింది. నేను గట్టిగా ఏడ్చేశాను. ఎందుకేడ్చానంటే, చిన్నప్పుడు వీధి మలుపులో ఆ చప్పుడు వినగానే అమ్మా నాన్నా వచ్చేశారని లేచేదాన్ని. ఆ చప్పుడు అలాగే ఉంది.

నాన్న వచ్చి డ్రైవరు వైపు తలుపు దగ్గర నిలబడ్డాడు. "జరుగమ్మి" అన్నాడు. నేను పక్కకి జరిగాను. ఒకటే సీటు కదా, జరిగితే అమ్మ చోటే వచ్చింది. నాన్న ఎక్కి కూర్చున్నాడు. లైసెన్సు ఎప్పుడో మురిగిపోయింది, ఆ మాట ఎవరం ఎత్తలేదు. మావయ్య పిలవకుండానే వెనక ఎక్కాడు. కారు దాని కాళ్ళమీద అది గోదాములోంచి ఎండలోకి వచ్చింది. మా పెరటి వైపు తిప్పుతాడనుకున్నాను. నాన్న తిప్పలేదు. ఊరు దాటించి లక్ష్మీపూర్ దారి పట్టించాడు.

 నా చెంప పక్కనే ఆ నూనె మరక. దానికి తగలకుండా బిగుసుకుని కూర్చున్నాను. కొండ మొదలయ్యాక మబ్బు పట్టి సన్నగా తుంపర మొదలైంది. వెనక నుంచి మావయ్య గొంతు వినపడింది.

"ఆ రోజు సాలూరు దారి ఎందుకు పట్టలేదు బావా?"

"మీ అక్క ఇంటికెళ్దామంది. ఆసుపత్రి వొద్దంది. పిల్లని సూడాలంది" అన్నాడు నాన్న రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ పిల్లని నేనే. అన్నేళ్ళూ ఈ మాట నాన్న మా ఎవరికీ చెప్పలేదు. మావయ్య నింద వేస్తే పడ్డాడు గానీ నోరు విప్పలేదు. వెనక సీట్లో మావయ్య ముక్కు చీదుకోవడం వినిపించింది.

ఘాటీ మధ్యలో, కొండ మీంచి పారే ఒక గెడ్డ మీద చిన్న వంతెన దగ్గర, ఇంజను కాగి ఆవిరి చిమ్మింది. నాన్న కారు పక్కకి తీసి ఆపాడు. మొహంలో ఆశ్చర్యం లేదు.

"ఇక్కడే" అన్నాడు. "ఆ రోజూ ఇక్కడే కాగింది. డబ్బా పట్టుకుని గెడ్డలోకి దిగేను. నీళ్ళు ముంచుతుంటే ఇనిపించింది, రెండుసార్లు. ఎప్పుడూ కొట్టినట్టే కొట్టింది. జ్వరం తగ్గినట్టుంది, మళ్ళీ తొందర పెడతందని నాకు కుశాలయ్యింది. నేను కూడా ఎప్పుడూ అన్నట్టే అన్నాను, వస్తన్నానే, నీ తొందర తగలెయ్య అని. మొహం కడుక్కున్నాను. కాళ్ళు కడుక్కున్నాను. ఎక్కి వచ్చేసరికి అద్దానికి తల ఆన్చేసి ఉన్నాది."

వాన చుక్కలు కారు కప్పు మీద పడుతున్నాయి. పదమూడేళ్ళు అన్నం ముందు నుంచి నాన్న ఎందుకు లేచి పరుగెత్తాడో మాకిద్దరికీ అప్పుడు తెలిసింది.

నాన్న వెనక్కి చెయ్యి చాపి పాత నూనె డబ్బా తీసుకున్నాడు. "నేను దిగతాను. నువ్వు హారను కొట్టమ్మి" అన్నాడు. తలుపు తీసుకుని వాలు మీదుగా గెడ్డలోకి దిగిపోయాడు.

మావయ్య హారనుకి కొత్త వైరు వేశాడు, పనిచేస్తుందని నాకు తెలుసు. పక్కకి వంగి చెయ్యి చాపాను. అమ్మ ఎలా వంగేదో అలాగే వంగానని తట్టింది, చెయ్యి అక్కడే ఆగిపోయింది. నావల్ల కాలేదు. కింద నీళ్ళ చప్పుడు, డబ్బా రాయికి తగిలిన చప్పుడు. నాన్న ఎదురుచూస్తున్నాడని తెలుస్తూనే ఉంది. అప్పుడు వెనక నుంచి, గ్రీజు మరకలున్న మావయ్య చెయ్యి నా భుజం మీదుగా ముందుకు వచ్చింది. హారను నొక్కింది. రెండుసార్లు, పొట్టిగా.

నాన్న పరుగెత్తాడు. అరవై దగ్గరపడ్డ మనిషి, తడిసిన వాలు మీద, గడ్డి పట్టుకుని, జారి, మళ్ళీ లేచి పరుగెత్తాడు. డబ్బాలో నీళ్ళు సగం ఒలికిపోయాయి, ఒక చెప్పు ఊడిపోయింది. "వచ్చేస్తన్నాను, వచ్చేస్తన్నాను" అని కింద నుంచే అరుస్తున్నాడు. డ్రైవరు వైపు రాలేదు. తిన్నగా నా వైపు వచ్చి, రొప్పుతూ, అద్దం మీద మరక ఉన్న చోట రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు.

"వచ్చేసేను. ఇదిగో, వచ్చేసేను."

చూస్తున్నది నన్ను కాదు. నాన్న అలా ఏడవడం నేను అమ్మ పోయిన రోజు కూడా చూడలేదు. తర్వాత నాన్నే తలుపు తీశాడు. ఒకప్పుడు రేగుకంప కట్టిన తలుపు. నేను దిగి పక్కకి తప్పుకున్నాను. నాన్న తలుపు వెయ్యలేదు. ఎవరో దిగాల్సి ఉన్నట్టు, తలుపు వెడల్పుగా తెరిచి పట్టుకుని, ఒక పక్కకి ఒదిగి నిలబడ్డాడు. తుంపర లోపలికి కొట్టి సీటు తడుస్తోంది. మావయ్య కూడా దిగి వచ్చి మా వెనక నిలబడ్డాడు. ఎవరం ఎవరినీ తొందరపెట్టలేదు.

చాలాసేపటికి నాన్న తలుపు వెయ్యబోయాడు. మావయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇంకాసేపు సూద్దాం బావా" అన్నాడు.

నాన్న కళ్ళు తుడుచుకుని, రోడ్డు వైపు, ఆ పైన కొండ వైపు ఒకసారి చూశాడు.

"అక్కర్లేదు. మీ అక్క తొందర నీకు తెల్దేటి? ఎప్పుడో దిగిపోయుంటాది" అన్నాడు.

తలుపు నెమ్మదిగా వేశాడు. ఊడిన చెప్పు వెతుక్కుని తొడుక్కున్నాడు. డబ్బాలో మిగిలిన నీళ్ళు చాలవని, మళ్ళీ గెడ్డలోకి దిగాడు, ఈసారి తీరిగ్గా.